ఏరు దాటిన తెప్ప

అమెరికాలోని అరిజోనా ఎడారిని కోసుకుంటూ కొలరాడో నది పారే లోయ పేరు గ్రాండ్ కాన్యన్. పొడవు 446 కిలోమీటర్లు. లోతు కొన్నిచోట్ల మైలుకు పైమాటే. లీస్ ఫెర్రీ రేవులో రబ్బరు తెప్ప ఎక్కి, పగలు నీటిమీద, రాత్రి ఇసుకతిన్నెమీద, ఎనిమిది రోజులు ఆ లోయలో గడిపాను.

ప్రాణాలు అరచేత పట్టుకున్న ఉరవళ్ళు ఉండనే ఉన్నాయి. అట్టడుగున నల్లగా నిగనిగలాడే రాతికి శాస్త్రజ్ఞులు విష్ణువు పేరే పెట్టారు. దాని వయస్సు సుమారు 170 కోట్ల ఏళ్ళు. చూడగానే చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి. కాని నా మనసులో నిలిచిపోయింది రాయి కాదు, చెత్త!

తెచ్చినదేదీ ఒడ్డున వదలకూడదన్నాడు మా సరంగు. పళ్ళ తొక్కలూ, పొయ్యిలో బూడిదా సరే. మనుషుల మలాన్ని సైతం మూత బిగించిన డబ్బాలో పెట్టి, తెప్పమీదే చివరిదాకా మోసుకుపోవాలి.

ఈ సంగతి చెబితే మా ఆవిడ ముక్కుమీద వేలేసుకుంది. "ఇందుకా అండీ, సముద్రాలు దాటి వెళ్ళారు?" అంది.

నవ్వులాట కాదు. ఎడారి గాలికి ఏదీ తొందరగా కుళ్ళదు. కొండగోడల మధ్య నడుం వాల్చాలంటే ఆ తిన్నెలే గతి. నిన్న ఒక జట్టు, ఇవాళ మనం, రేపు మరొకరు. మెతుకు రాలితే ఎర్రచీమలు చేరి తరువాత వచ్చినవాళ్ళను కుడతాయి.

పూర్వం ఏటేటా ఎర్రని వరద వచ్చి తిన్నెలు కడిగి, కొత్త ఇసుక పరిచేది. 1963లో ఎగువన గ్లెన్ కాన్యన్ ఆనకట్ట నీళ్ళు పట్టడం మొదలుపెట్టాక ఒండ్రు అక్కడే ఆగిపోయింది. దిగువకు వదిలే చల్లని, తేటనీరు ఇసుకను కోసుకుపోతుందే గాని, తెచ్చి పెట్టదు. 1996 నుంచి అప్పుడప్పుడు ఆనకట్ట తూములు ఎత్తి, పనిగట్టుకుని వరద పంపి, తిన్నెలను నిలబెట్టాలని చూస్తున్నారు.

ఊడ్చే నది చేతులు కట్టేశాక, ఊడ్చే పని మనిషిమీద పడక తప్పుతుందా? రోజూ బయలుదేరేముందు అందరం వరుసగా నడిచి తిన్నెంతా వెతికేవాళ్ళం. డెబ్బై దాటిన పెద్దాయన ఒకరు వంగి వంగి వేరుసెనగ పొట్టు ఏరుతుండేవారు. మళ్ళీ ఆ ఒడ్డున పడుకోబోయేది ఆయన కాదు. ముఖమైనా తెలియని మరెవరో.

ఏరు దాటి తెప్ప తగలేసినవాడి సామెత మనకుంది. ఆ నదిలో అలాంటివాడికి పనొకటి మిగులుతుంది: బూడిద ఎత్తుకుని మరీ ఇంటికి వెళ్ళాలి!