కియోస్క్ కొనేముందు

రైల్వే స్టేషన్లో జనరల్ టికెట్లిచ్చే యంత్రం (ఏటీవీఎం) దగ్గర, బండి వచ్చే వేళకు, తెర మీద మీట ఎక్కడుందో వెతుక్కునే తీరిక ఎవరికీ ఉండదు. ఇంట్లో కంప్యూటర్ మొరాయిస్తే మనమే రీస్టార్ట్ చేసుకుంటాం. జనం మధ్య పెట్టిన టచ్‌స్క్రీన్ కియోస్క్‌కు ఆ దిక్కు లేదు. అందుకే దాని సాఫ్ట్‌వేర్ ఎంపికను ఈ సంచిక ముఖచిత్ర కథనంగా తీసుకున్నాం.

తెర సైజు, ధర ఎటూ చూస్తారు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. కరెంటు పోయి వచ్చాక యాప్ తనంతట తానే తెరుచుకుంటుందా? ఒకరు సగంలో వదిలేసి వెళ్తే వాళ్ల ఫోన్ నంబరు తర్వాతివాళ్లకు కనబడకుండా చెరిగిపోతుందా? అంచు నుంచి వేలు జరిపితే డెస్క్‌టాప్ బయటపడుతుందా? తెలుగు ఒత్తులు విడిపోకుండా కుదురుగా వస్తాయా?

జనం యాప్ దాటి బయటకు పోకుండా ఆపడానికి మూడు దారులున్నాయి: విండోస్‌లో అసైన్డ్ యాక్సెస్, ఆండ్రాయిడ్‌లో లాక్ టాస్క్ మోడ్, లినక్స్ మీద క్రోమియం కియోస్క్ మోడ్. మూడింటి పనీ తెరను మనం ఎంచుకున్న యాప్‌కు కట్టిపడేయడమే. ఆ తర్వాత చూడాల్సింది సాఫ్ట్‌వేర్ ఆయుష్షు. ఫ్లాష్‌కు 2020 డిసెంబరు 31తో అడోబ్ మద్దతు ఆగింది. దాన్ని నమ్ముకున్న కియోస్క్ యాప్‌లను తిరగరాయాల్సి వచ్చింది. మామూలు విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు ముగిసింది. అదే దీర్ఘకాల మద్దతుండే విండోస్ 10 ఐఓటీ ఎంటర్‌ప్రైజ్ ఎల్‌టీఎస్‌సీ 2021కి 2032 జనవరి దాకా ఉంది.

ఆర్డరు ఇచ్చేముందు నమూనా యంత్రాన్ని ఏసీ గదిలో కాక, జనం తిరిగేచోట వారం రోజులు పెట్టి చూడండి. విండోస్, ఆండ్రాయిడ్, లినక్స్ దారుల్లో ఏది ఎవరికి నప్పుతుందో లోపలి పేజీల్లో వివరించాం. మీ అనుభవాలూ రాసి పంపండి.

- సంపాదకుడు