అప్పీలులో అమ్మాయిల మాట

కొత్త నర్సింగ్ కాలేజీకో, అదనపు సీట్లకో అనుమతి రాకపోతే యాజమాన్యానికి దారులున్నాయి. 2023లో పార్లమెంటు ఆమోదించిన నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం ప్రకారం రాష్ట్ర కమిషన్ కాదంటే జాతీయ కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా చుక్కెదురైతే కేంద్ర ప్రభుత్వానికి మొరపెట్టుకోవచ్చు. ఉండాల్సిన హక్కే ఇది. తనిఖీకి వచ్చేవాళ్లూ పొరబడతారు. చెప్పుకునే చోటు లేకుండా ఏ కాలేజీకీ తాళం పడకూడదు.

అయితే అప్పీలు వినేవారు కాగితం చూస్తే చాలదు, వార్డు చూడాలి. పదిమంది విద్యార్థులకు ఒక టీచరు, ఒక్కో విద్యార్థికి ముగ్గురు రోగులు ఉండాలన్నది నర్సింగ్ కౌన్సిల్ లెక్క. ఊరికే పెట్టిన లెక్క కాదది. మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి, గడియారం చూస్తూ నిండు నిమిషం నాడి లెక్కపెట్టడం బొమ్మ మీద వచ్చే విద్య కాదు. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నవాడి నాడి ఎలా ఉరుకుతుందో, నెత్తురు పోయిన బాలింత నాడి ఎంత సన్నగా తగులుతుందో వేళ్లకే తెలియాలి. తనిఖీ రోజున దుప్పట్లు పరిచిన ఖాళీ మంచాలు ఆ పాఠం చెప్పలేవు.

మధ్యప్రదేశ్‌లో హైకోర్టు ఆదేశంతో సీబీఐ నర్సింగ్ కాలేజీలను పరిశీలించింది. అనుకూలంగా నివేదిక రాయడానికి లంచం తీసుకున్నాడన్న ఆరోపణపై 2024 మేలో తన ఇన్‌స్పెక్టర్‌నే అరెస్టు చేయాల్సి వచ్చింది. సవ్యంగా ఉన్నాయన్న 169 కాలేజీలనూ వీడియో తీస్తూ, న్యాయాధికారి సమక్షంలో మళ్లీ చూడమని కోర్టు చెప్పింది. ఈలోగా విద్యార్థులు పరీక్షల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూశారు. తప్పు ఎవరిదైనా వయసు కరిగిపోయింది వాళ్లదే.

అమెరికాలో ఒక ఫెడరల్ నిబంధన ఉంది: గుర్తింపు తీసేసిన నిర్ణయంలో పాలుపంచుకున్న సంఘంలోని సభ్యులెవరూ అప్పీలు వినే ప్యానెల్‌లో ఉండకూడదు. మనమూ ఆ కట్టుబాటు పాటించాలి. ఇంకో అడుగు కూడా వేయాలి. ఏ వార్డులో, ఎన్నాళ్లు, ఎవరి దగ్గర పని నేర్చుకున్నారో అమ్మాయిలను యాజమాన్యం లేనిచోట కూర్చోబెట్టి అడగాలి. కాలేజీ గుర్తింపు పోతే, వాళ్లను వేరేచోట చేర్చుకునే ఉత్తర్వూ, ఒరిజినల్ సర్టిఫికెట్లు తిరిగిచ్చే ఉత్తర్వూ ఆ తీర్పుతోపాటే, అదే రోజున రావాలి.