గీతకి చిక్కిన గీతం

కచేరీకి వెళ్ళినవాళ్ళు పాట వింటారు. కొందరు పట్టుచీరలు చూస్తారు. ఇంకొందరు క్యాంటీన్లో కాఫీ సంగతి చూస్తారు. ఈమధ్య చాలామంది సెల్‌ఫోను ఎత్తి పట్టుకుని, ఎదురుగా ఉన్న విద్వాంసుణ్ణి మానేసి ఫోనులో ఉన్న విద్వాంసుణ్ణి చూస్తున్నారు. ఈ లెక్కల్లోకి రాని జాతి మరొకటుంది. మూడో వరసలో ఓ చివర, ఒళ్ళో చిన్న పుస్తకం పెట్టుకుని, తల ఎత్తుతూ దించుతూ కూచుంటుంది. ఇన్‌కంటాక్సు మనిషేమోనని పక్కవాళ్ళు అనుమానంగా చూస్తారు. కాదండీ బాబూ, పాపం బొమ్మలేసుకునేవాడు!

ఈ వారం కబుర్లు ఆ జాతి గురించి.

"సినిమా పత్రికలో బొమ్మల గోలేమిటయ్యా?" అంటారా? వస్తున్నా, అక్కడికే వస్తున్నా. మన భాషలో సినిమా చిత్రమే, బొమ్మా చిత్రమే, వింత కూడా చిత్రమే. ఈ కథలో మూడూ ఉన్నాయి.

కథ మద్రాసులో మొదలవుతుంది. 'ఆనంద వికటన్' అనే తమిళ పత్రికని 1928లో ఎస్.ఎస్. వాసన్ గారు కొన్నారు. పేరెక్కడో విన్నట్టుందా? ఆయనే! 1942లో మనకి 'బాలనాగమ్మ'నీ, 1948లో దేశం మొత్తానికీ 'చంద్రలేఖ'నీ ఇచ్చిన జెమినీ వాసన్ గారే. ఆ పత్రికలో 1930ల్లో 'మాలి' అనే చిత్రకారుడు ఉండేవారు. అసలు పేరు మహాలింగం. వేణుగాన విద్వాంసుడు మాలి గారు వేరు, ఈయన వేరు. ఇద్దరూ మహాలింగాలే, ఇద్దరూ మాలిలే. ఇదొక చిత్రం!

అప్పట్లో వికటన్‌లో 'కర్నాటకం' అనే మారుపేరుతో కల్కి గారు కచేరీల మీద రాసేవారు. ఆ రాతల పక్కన మాలి గారి గీతలుండేవి. పట్టుమని పది గీతలుంటాయో ఉండవో. కానీ ఒకాయన పై షడ్జం పట్టుకునేటప్పుడు మెడ ఎటు వాలుస్తాడో, ఇంకొకాయన సంగతి వేసేముందు చెయ్యి గాల్లో ఎలా తిప్పుతాడో అందులో ఉండేది. సంగీతం రానివాడికి కూడా ఆ బొమ్మ చూస్తే నవ్వొచ్చేది. వచ్చినవాడికి పాట వినిపించేది.

మాలి గారి దగ్గరికి ఒక కుర్రాడొచ్చాడు. పేరు పి.ఎం. శ్రీనివాసన్. మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో దేవీప్రసాద్ రాయ్‌చౌధురి గారు ప్రిన్సిపాలుగా ఉన్న రోజుల్లో చదువుకున్నవాడు. ఇతని చెయ్యి చూసి మాలి గారు 'శిల్పి' అని పేరు పెట్టారు, గుళ్ళూ శిల్పాలూ వెయ్యమన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని శిల్పి గారు జీవితమంతా గుళ్ళ చుట్టూ తిరిగారు. రాతి స్తంభం ముందు కూచుని, దాని మీద లతలో ఏ ఆకు ఎటు తిరిగిందో కూడా వదలకుండా గీశారు. 'తెన్నాట్టు సెల్వంగళ్' పేరుతో వికటన్‌లో వచ్చిన ఆ బొమ్మలు తమిళుల ఇళ్ళల్లో పటాలయ్యాయి. 1983లో ఆయన పోయారు. బొమ్మలు పోలేదు.

అంటే గురువుగారేమో పాడేవాళ్ళని పట్టుకున్నారు, శిష్యుడేమో రాయిని పట్టుకున్నాడు. ఒకరిది పది గీతల పని, మరొకరిది పదివేల గీతల పని. రెండూ ఒకే బడి!

అదే బడిలో మూడో మనిషి గోపులు గారు. 'తిల్లానా మోహనాంబాళ్' అని కొత్తమంగళం సుబ్బు గారి సీరియల్‌కి బొమ్మలు వేసింది ఈయనే. 1968లో అది సినిమా అయింది. నాదస్వరం పట్టుకున్నది శివాజీ గణేశన్. మనకి వినిపించింది మాత్రం మదురై సేతురామన్, పొన్నుస్వామి సోదరుల వాయిద్యం. తెర మీద ఆ బుగ్గలూ, ఆ కనుబొమలూ చూస్తే అబద్ధమని ఎవడంటాడు? చూసి పట్టుకోవటం ఒక్క బొమ్మలవాడికే కాదు, నటుడికీ కావాలన్నమాట. ఇక మన బాపు గారికి గోపులు గారి గీతంటే గురుభావం. 'సాక్షి'తో 1967లో దర్శకుడైన బాపు గారు షాట్లు ముందే బొమ్మలుగా గీసుకుని సెట్టుకి వెళ్ళేవారని సినిమావాళ్ళందరికీ తెలిసిందే. చూశారా, తిరిగి తిరిగి మన ఇంటికే వచ్చాం!

* * *

ఇంతమంది గొప్పవాళ్ళ గురించి చదివాక ఊరుకుంటానా? నేనూ ఓ పుస్తకం, రెండు మెత్తటి పెన్సిళ్ళూ కొన్నాను. నా బొమ్మల సంగతి ముందే చెప్పేస్తున్నా: ఆవుని గీస్తే కింద 'ఆవు' అని రాయాలి.

మొదటి కచేరీలో వర్ణం అయ్యేలోపు నాలుగు కాగితాలు పాడుచేశాను. గాయకుడి చెయ్యి గీద్దామంటే అది గాల్లో ఉంది. గీసి తలెత్తేసరికి తొడ మీదుంది. మృదంగం వాయించేవారి వేళ్ళ సంగతి అడక్కండి, అవి ఉన్నాయో లేవో కూడా తెలీలేదు. 'మనిషి కాస్త ఆగితే ఎంత బావుణ్ణు' అనుకున్నాను.

ఆగడు. ఆగక్కర్లేదు కూడా! రెండో కచేరీలో తెలిసింది అసలు కిటుకు. ఆదితాళం తీసుకోండి. ఒక దెబ్బ, మూడు వేళ్ళు, దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. ఎనిమిది అక్షరాలు అవగానే మళ్ళీ మొదటికి. అంటే ఇప్పుడు చేజారిన చెయ్యి ఇంకో ఆవర్తంలో అక్కడికే వస్తుంది. కీర్తన పూర్తయ్యేలోపు ఎన్నిసార్లు వస్తుందో లెక్కేసుకోండి. కంగారుపడి వెంట పరిగెత్తేవాడికి ఏమీ దొరకదు. ఒక్క భంగిమ ఎంచుకుని, దానికోసం కాచుకుని, వచ్చినప్పుడల్లా ఒక్కో గీత వేసుకునేవాడికి బొమ్మ దొరుకుతుంది. రైలు వెళ్ళిపోయిందని ఏడవటం దేనికి, ఇది మన ప్లాట్‌ఫారానికే మళ్ళీ మళ్ళీ వచ్చే రైలు!

వయొలిన్ విద్వాంసులు మరీ దయామయులు. బాసింపట్టు వేసుకుని, వయొలిన్ తలని కుడి చీలమండ మీద ఆనిస్తారు. ఇక కదిలేది కమాను పట్టిన చెయ్యే. మిగతా మనిషంతా మనదే. మృదంగానికి వేళ్ళు గీయకూడదు, భుజాలూ మోచేతులూ గీయాలి. తని ఆవర్తనం దాకా ఆగితే గాయకుడు తాళం వేస్తూ కూచుంటాడు, మృదంగం ఆయన ఒక్కణ్ణే తీరుబడిగా చూడొచ్చు. హాల్లో చీకటి అంటారా? మంచిదే. కాగితం కనపడకపోతే మనిషినే చూస్తాం. కాగితం వంక చూడకుండా గీసిన బొమ్మలో ముక్కు చెవి దగ్గరికి పోవచ్చు గాని, ప్రాణం ఉంటుంది.

మా ఊరి గుళ్ళో కల్యాణానికి సన్నాయి మేళం పెట్టారు. సన్నాయి పెద్దాయనకి డెబ్భై దాటి ఉంటాయి. డోలు పక్కన నేల మీద కూచుని ఆయన్ని గీశాను. మేళం ఆగాక ఆయనే పిలిచారు.

"ఏం నాయనా, ఇందాకట్నించీ నా వంకే చూస్తున్నావు. అప్పేమన్నా ఉన్నానా నీకు?"

పుస్తకం చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"సన్నాయి బావుంది. పంచె బావుంది. బుగ్గల్లో గాలేదయ్యా? ఈయన వాయించటం లేదు, పట్టుకుని ఫొటో దిగుతున్నాడు."

ఏ ఆర్ట్ క్రిటిక్కూ ఇంత సూటిగా చెప్పడు! "మళ్ళీ వేస్తానండీ తాతగారూ" అన్నాను. "వెయ్యి. తాళిబొట్టు కట్టేటప్పుడు గట్టిమేళం ఉంటుంది, అప్పుడు చూడు" అన్నారు. చూశాను. బుగ్గలే కాదు, మెడ మీద నరాలు, బిగిసిన కడుపు, నేలకి ఆనించిన బొటనవేలు... మనిషంతా సన్నాయిలోకి దూరిపోతున్నాడు. చిన్నప్పట్నించీ ఎన్ని పెళ్ళిళ్ళలో విన్నానో ఆ మేళం. చూడటం అదే మొదటిసారి.

* * *

పాడేవాళ్ళు కదులుతారు గనక కష్టం, కట్టడాలు కదలవు గనక సులువు అని నా లెక్క. చార్మినార్ 1591 నించీ అక్కడే ఉంది, ఎక్కడికి పోతుంది?

కట్టడం ముందు కూచుంటే ఆ లెక్క తారుమారైంది. పెన్సిలు చేత్తో చాపి పట్టుకుని, ఒక కన్ను మూసి, కమాను ఎత్తెంత, వెడల్పెంత అని కొలుచుకునేలోపు నీడ జరిగిపోయింది. లోతుగా కనిపించిన గూడు పది గంటలకి చదునైపోయింది. తాళం వేసే చెయ్యి మళ్ళీ వస్తుందని చెప్పానే, ఈ నీడ రాదు. రేపొచ్చినా మబ్బు పట్టొచ్చు. అందుకే తెలిసినవాళ్ళు ముందు నీడ అంచు గీసేసుకుని, తరవాత గోడ సంగతి చూస్తారు.

సినిమా కళాదర్శకులకి ఇదంతా నిత్యం ఉండే పనే. 2003లో వచ్చిన 'ఒక్కడు'కి అశోక్ గారు చార్మినార్‌నే సెట్టు వేశారు. హాల్లో చూసినవాళ్ళు ఎంతమంది అది సెట్టని పోల్చుకున్నారు? అలా కట్టాలంటే అసలుదాన్ని అణువణువూ చూసి ఉండాలి. సెట్టు పనైపోయాక విప్పేస్తారు, అది ముందే తెలిసిన సంగతి. అసలు కట్టడాలు మాత్రం శాశ్వతమని మన ధీమా. హైదరాబాదులో ఎర్రమంజిల్ తీసేసి కొత్త శాసనసభ కట్టాలని 2019లో తలపెట్టారు. అదే ఏడాది హైకోర్టు కాదంది గనక నిలిచింది. ప్రతి పాత కట్టడానికీ హైకోర్టు దాకా వెళ్ళే రాత ఉండదు కదా!

మా ఊరి సినిమాహాలుకి లేదు.

నేల, బెంచీ, కుర్చీ తరగతుల కాలంలో కట్టిన హాలు. నాన్న చెయ్యి పట్టుకుని నేను మొదటి సినిమా చూసింది అక్కడే. ముందు గోడ మీద సున్నంతో పోసిన అక్షరాల్లో హాలు పేరు, దాని రెండు వైపులా నెమళ్ళు. టిక్కెట్ల గదికి చెయ్యి మాత్రమే పట్టే కన్నం. డబ్బు లోపలికెళ్ళి టిక్కెట్టు బయటికొచ్చేది గాని, ఇచ్చేవాడి మొహం ఎప్పుడూ చూడలేదు. మూతపడి చాలా ఏళ్ళయింది. బొమ్మల పిచ్చి పట్టాక దాన్ని గీద్దామనుకున్నాను. సంక్రాంతికి వెళ్ళినప్పుడు 'ఉగాదికి గీద్దాంలే' అనుకున్నాను. ఉగాదికి ఎండ ఎక్కువుందని ఊరుకున్నాను. హాలుకేం, ఎక్కడికి పోతుంది అని.

దసరాకి వెళ్ళేసరికి చదును చేసిన స్థలం, చుట్టూ రేకులు.

ఆ రాత్రి భోజనాలయ్యాక పుస్తకం తీసి జ్ఞాపకం మీద గీద్దామని కూచున్నాను. ముందు తలుపులు మూడన్నారు నాన్న. నాలుగంది అమ్మ, ఆడవాళ్ళ వైపు తలుపు నాన్న ఎప్పుడూ చూడలేదట. నెమళ్ళు ఎదురెదురుగా చూస్తాయా, చెరోవైపు చూస్తాయా? ముగ్గురం మూడు రకాలుగా చెప్పాం. ముప్ఫై ఏళ్ళు దాని ముందునించే నడిచారు వాళ్ళు. నేను దానిలోనే పెరిగాను. నెమలి తల ఎటుందో ఒక్కరికీ తెలీదు. ఫోనుల్లో వెతికాం. హాలు ముందు తీసుకున్న ఫొటో ఒకటి దొరికింది. అందులో నేనూ మా బావా నవ్వుతున్నాం, హాలు మా తలకాయల వెనకాల దాక్కుంది.

ఆ కాగితం ఇప్పటికీ అలాగే ఉంది. గోడ, పేరు, టిక్కెట్ల కన్నం గీశాను. నెమళ్ళున్న చోటు ఖాళీగా వదిలేశాను. తెలియనిది గీస్తే శిల్పి గారి లాంటివాళ్ళకి మొహం చూపించలేం.

* * *

2007లో గేబ్రియల్ కాంపనారియో అనే పత్రికా చిత్రకారుడు అమెరికాలో 'అర్బన్ స్కెచర్స్' అని ఒక కూటమి మొదలెట్టాడు. ఇప్పుడది ఎన్నో దేశాలకి పాకింది. వాళ్ళ నియమం చిన్నదే: అక్కడే కూచుని, కంటితో చూసిందే గియ్యాలి. మాలి గారూ శిల్పి గారూ ఆ నియమం ఎవరూ రాయకముందే పాటించారు.

ఇది చదివి మీరంతా చిత్రకారులైపోవాలని కాదు నా గొడవ. అలాగైతే పత్రికలో నాకు చోటుండదు! చిన్న కోరిక ఒకటి. మీ ఊళ్ళో పాత హాలు ఇంకా నిలబడి ఉంటే, ఈ ఆదివారం ఆటకి అరగంట ముందు వెళ్ళండి. ఆడుతున్నా, మూతపడినా సరే. ఎదురుగా టీకొట్టు బల్ల మీద కూచోండి. తలుపులెన్నో లెక్కపెట్టి గీయండి. వంకరగా వస్తే రానివ్వండి, కింద 'హాలు' అని రాసుకోవచ్చు.

నెమళ్ళుంటే మాత్రం అవి ఎటు చూస్తున్నాయో జాగ్రత్తగా చూడండి.

మళ్ళీ వారం కలుద్దాం.