పోపుల పెట్టె పక్కనుండగా కొట్టుకి పరుగెందుకు?

చిన్న పరికరంలో వీడియో ఆగి ఆగి నడిస్తే చాలామంది ఇంజనీర్లు ఒకటే మాట అంటారు: "ఇంకా వేగమైన మెమరీ పెట్టండి." నేను ఒప్పుకోను. ముందు లెక్క చూడండి.

1920×1080 వీడియోలో ఒక్క ఫ్రేమ్, మామూలు 8 బిట్ల 4:2:0 పద్ధతిలో, సుమారు 31 లక్షల బైట్లు. సెకనుకు 30 ఫ్రేములంటే 9.3 కోట్లు. ప్రతి ఫ్రేమునీ ఊరికే ఒకసారి కాపీ చేస్తే, చదవడానికి ఒకసారి, రాయడానికి ఒకసారి, మొత్తం 18.6 కోట్లు! ఇలాంటి కాపీలు రెండు మూడు ఉంటే తప్పు మెమరీదా, ప్రోగ్రాం రాసినవాళ్ళదా?

ఇంకో తప్పు కూడా ఉంది. క్యాష్ అంటే మన వంటింట్లో పోపుల పెట్టె. బయట ఉన్న డీర్యామ్ కిరాణా కొట్టు. చాలా ప్రాసెసర్లు కొట్టుకి వెళ్ళిన ప్రతిసారీ 64 బైట్లు తెస్తాయి. బొమ్మని అడ్డంగా చదివితే అన్నీ పనికొస్తాయి. నిలువుగా చదివితే 1080 వరుసలకి 69 వేల బైట్లు తేవాలి. 32 కేబీ పెట్టెలో అవి పట్టవు. ఒక్క ఆవగింజ వాడి పొట్లం పారేసినట్టే.

బొమ్మని చిన్న గడులుగా కోయండి. ఒక గడి మీద పని జరుగుతుండగా డీఎంఏ తర్వాతి గడి తెచ్చిపెడుతుంది.

4కె వీడియోకి వేగమైన మెమరీ కావాలి, కాదనను. కానీ కొట్టుకి వెళ్ళిన ప్రతిసారీ బ్యాటరీ ఖర్చవుతుంది. అమ్మమ్మ ఫోన్ వీడియో కాల్‌లో వేడెక్కితే కొత్తది కొనమంటారు. వాళ్ళ బద్ధకానికి డబ్బులు మనమెందుకు కట్టాలి?