గుండెకూ సెలవు కావాలి



చచ్చిన గుండె కండరం మళ్ళీ పుట్టదని మనం చదువుకున్నాం. ఈ మాటను ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి.

గుండె బాగా బలహీనపడిన వారికి ఎల్‌వీఏడీ అనే పంపు అమరుస్తారు. అది ఎడమ జఠరికలోని రక్తాన్ని తీసుకుని బృహద్ధమనిలోకి తోస్తుంది. ఒంటికి తగిలించుకున్న బ్యాటరీలతో నడుస్తుంది. గుండె మార్పిడి జరిగేదాకా ప్రాణం నిలపడానికే దీన్ని ఎక్కువగా వాడేవారు. కాని పంపు భారం మోస్తుంటే, కొందరిలో సొంత గుండే తేరుకుంది. 2006లో ఇంగ్లండులో మాగ్డీ యాకూబ్ బృందం 15 మందికి పంపుతోపాటు మందులూ ఇచ్చింది. వారిలో 11 మందికి పంపు తీసేయగలిగారు. అలా తేరుకున్న గుండెల్లో కొత్త కండర కణాలు ఆరోగ్యవంతుల కంటే ఆరు రెట్లకు పైగా వేగంతో పుడుతున్నాయని 2024లో మరో పరిశోధన తేల్చింది. అందరికీ ఇలా జరగదు, కొందరికే.

మన డెల్టా వారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. విజ్జేశ్వరం దగ్గర నీళ్ళు కట్టేస్తేనే కాలువలో పూడిక తీయగలం. గుండెను కట్టేయలేం కదా! అందుకే పంపు.

నా బాధ ఇక్కడే. ఆ పంపు ఖరీదు పదుల లక్షలు. అంతెందుకు, మన ఇళ్ళల్లో గుండె జబ్బు వస్తే డాక్టరు గారు చెప్పేది "బరువు పనులు మానెయ్యి, విశ్రాంతి తీసుకో" అని. ఊడ్పులకో, ఇటుక బట్టీకో వెళ్తేనే పొయ్యి వెలిగే ఇంట్లో ఆ మందు ఏ షాపులో కొంటాం?

2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పేదవాడికి ఆపరేషన్ అందించింది. ఆపరేషన్ తర్వాత కోలుకునే రోజులకు రోజుకు రూ.225, నెలకు రూ.5,000 వరకు ఇచ్చే ఆరోగ్య ఆసరా 2019 డిసెంబరులో మొదలైంది. విశ్రాంతి కూడా వైద్యమేనని ఒప్పుకున్న పథకం అది. ఏ ప్రభుత్వం వచ్చినా, ఏ పేరు పెట్టినా ఈ సూత్రాన్ని వదలకూడదు. పంపుల కంటే బీపీ మాత్రలు ముందు అందించాలని కొందరంటారు. నిజమే. కాని అది చెప్పి పేదవాడిని రెండోదానికి దూరం చేయకూడదు.

కండరానికి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో ఫిస్కేతో కలిసి లోకానికి చెప్పిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు పుట్టింది భీమవరంలో. మన నిడదవోలు జంక్షన్ నుంచి చీలే లైన్లోనే ఉంది ఆ ఊరు. ఆయన మెట్రిక్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. పరీక్ష తప్పిన తమ్ముళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. చవకగా పంపు తయారుచేసే ఇంజనీరు, దాన్ని కూలివాడి గుండెకు అమర్చే డాక్టరు మన హాస్టల్ నుంచే రావాలని నా కోరిక.