ధర చీటీ లేని కార్బ్యురేటర్

తయారీ ఆగిపోయి, కంపెనీ గోదాముల్లో నిలవ ఖాళీ అయి, కొత్తది ఏ షాపులో అడిగినా లేదనిపించుకునే భాగాన్నే పాత కార్ల లోకంలో అరుదైన విడిభాగం అంటారు. అలాంటివి అమ్మకానికి వచ్చే దారులు ప్రధానంగా మూడు. అమ్ముడుపోక డబ్బాలోనే మిగిలిపోయిన అసలు కంపెనీ సరుకు ఒకటి, అమెరికాలో దీన్ని ఎన్‌ఓఎస్ అంటారు. పాడుబడిన బండి నుంచి ఊడదీసినది మరొకటి. ఎవరో కొద్ది సంఖ్యలో మళ్లీ పోతపోయించినది ఇంకొకటి. ఏ దారిలో వచ్చినా అమ్మే తీరు మాత్రం ఒకటే. ఫొటో పెడతారు, పార్ట్ నంబరు రాస్తారు, ధర దగ్గరికి వచ్చేసరికి ‘ఇన్‌బాక్స్ చేయండి’ అంటారు. ఈ అలవాటుకు చెప్పే కారణాల్లో కొన్ని నిజమైనవే. అయితే ఎక్కువ చోట్ల ఇది నడిచేది కొనేవాడిని అంచనా వేసి ధర చెప్పే వెసులుబాటు కోసం.

వాషింగ్టన్ రాష్ట్రంలోని రెడ్‌మండ్ ఈ మార్కెట్‌ను గమనించడానికి అనువైన ఊరు. 1986లో మైక్రోసాఫ్ట్ తన ప్రధాన కార్యాలయాన్ని ఇక్కడికి మార్చాక, చేతిలో డబ్బూ ఇంట్లో గరాజూ ఉన్న ఇంజనీర్లు ఊళ్లో పెరిగారు. వారిలో తెలుగువారూ తక్కువేమీ కాదు. రెడ్‌మండ్ టౌన్ సెంటర్‌లో శనివారం ఉదయాలు అపురూపమైన కార్లను వరసగా నిలిపి చూపించే ఆనవాయితీ ఏళ్ల తరబడి సాగింది. దక్షిణాన టకోమాలో 2012లో పెద్ద కార్ల మ్యూజియమే వెలిసింది. చెత్త సేకరణ వ్యాపారంలో సంపాదించిన హెరాల్డ్ లిమే కూడబెట్టిన కార్లు దానికి మూలం. ఒక దశలో అవి మూడు వేలు దాటాయి. 30 ఏళ్లు నిండిన బండికి ఈ రాష్ట్రం కలెక్టర్ నంబరు ప్లేటు ఇస్తుంది. 25 ఏళ్లు దాటిన విదేశీ కారును అమెరికా భద్రతా ప్రమాణాల పట్టింపు లేకుండా దిగుమతి చేసుకోవచ్చు. అందువల్ల ఒకప్పుడు జపాన్‌లో మాత్రమే అమ్మిన నిస్సాన్, టయోటా బళ్లు కూడా ఇప్పుడు అమెరికా రోడ్ల మీదికి వచ్చాయి, వాటి విడిభాగాల వేటా వాటితోపాటే వచ్చింది.

ఇలాంటి గరాజుకూ విజయవాడ ఆటోనగర్‌కూ ఒక ఇనుప బంధుత్వం ఉంది. 1955లో మార్కెట్లోకి వచ్చిన ఎంజీఏ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు లక్షకు పైగా తయారై, వాటిలో ఎక్కువ భాగం అమెరికాకే చేరింది. మొదటి రకంలో ఉన్న 1489 సీసీ ఇంజను బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్‌కు చెందినది. అంబాసిడర్‌ను దశాబ్దాలపాటు నడిపిన పెట్రోలు ఇంజనూ ఆ కుటుంబమే. అన్నీ అటూ ఇటూ సరిపోవు, కార్బ్యురేటర్ల అమరికే వేరు. సరిపోయేవేవో పార్ట్ నంబర్లు పక్కపక్కన పెట్టుకుని తేల్చుకోవలసిందే. 2014 మే నెలలో ఉత్తరపాడ కర్మాగారంలో అంబాసిడర్ తయారీ ఆగింది. బండి తయారవుతున్నన్నాళ్లూ భాగం ధర మెకానిక్‌కూ డ్రైవరుకూ నోటికి వచ్చు. ఆగాక, షాపు అటక మీది దుమ్ము పట్టిన డబ్బా ‘అరుదు’ అయి కూర్చుంది. ఆటోనగర్‌లో పాత ఇనుము తూకానికి పోగలిగిన ముక్క అమెరికాలో డాలర్లు పలుకుతుందని తెలిసిన మధ్యవర్తి, ఇక్కడి ధర అక్కడా అక్కడి ధర ఇక్కడా ఎందుకు చెబుతాడు?

భారతదేశంలో 2021 జులైలో వచ్చిన నిబంధనలు ఈ గిరాకీకి ఇంకొంత ఊపునిచ్చాయి. 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న వాహనాన్ని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. నంబరులో ‘వీఏ’ అక్షరాలుంటాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, చెల్లుబాటు పదేళ్లు. అసలు రూపం కావాలన్న షరతు ఉన్నప్పుడు డూప్లికేట్ గ్రిల్‌కూ ఒరిజినల్ గ్రిల్‌కూ మధ్య తేడా అందానికి మాత్రమే సంబంధించినది కాకుండా పోతుంది. హైదరాబాదులో పాత ఫియట్‌ను నిలబెట్టుకుంటున్నవారికి ఇది అర్థమయ్యే ఉంటుంది.

ధర దాచేవారి వాదనలో బలమున్న చోట్లు లేకపోలేదు. పశువుల సంతలో దళారులు తువాలు కింద వేళ్లు పట్టుకుని బేరమాడతారు. ఏ ఎద్దూ మరో ఎద్దులా ఉండదు కనుక, ఒక జతకు పలికిన ధర పక్క జతకు కొలబద్ద కాకూడదన్నది అందులోని లెక్క. 50 ఏళ్ల నాటి హెడ్‌లైట్ చట్రం సంగతీ అంతే. క్రోమ్ పూత పొక్కిందా, లోపల తుప్పు ఎంత దూరం తిన్నది, పాత మరమ్మతు జాడలున్నాయా అన్నవాటిని బట్టి ధర రెండు మూడింతలు మారుతుంది. కానీ తువాలుకు అటూ ఇటూ ఉన్న ఇద్దరూ పశువుల బేరంలో పండినవారు. పాత కారు భాగం కొనడానికి వచ్చినవాడు మొదటిసారి కొంటున్నవాడు కావచ్చు, పార్ట్ నంబరు ఎక్కడ చెక్కి ఉంటుందో కూడా అతనికి తెలియకపోవచ్చు. తెలిసినవాడికీ తెలియనివాడికీ మధ్య జరిగే బేరంలో చాటు ఒకరికే పనికొస్తుంది.

మారుబేరగాడి భయం ఇంకొకటి. తెలియక తక్కువ ధర రాస్తే ఎవరో క్షణాల్లో ఎగరేసుకుపోయి, మర్నాడు రెట్టింపుకు అమ్ముతారు. ఇది నిజంగా జరిగేదే. అయితే ఇన్‌బాక్స్ బేరంలో ఇది ఆగదు సరికదా, మారుబేరగాడు అక్కడా ముందే ఉంటాడు, పైగా నలుగురికీ తెలియని ధరకు తీసుకుపోతాడు.

రవాణా ఖర్చు కారణం మాత్రం ఈమధ్య బలపడింది. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు అమెరికా ఇస్తూ వచ్చిన సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి లేదు. విజయవాడ నుంచి వెళ్లే చిన్న గాస్కెట్ల పొట్లం రెడ్‌మండ్ గుమ్మం చేరేసరికి ఎంతవుతుందో అమ్మేవాడు ముందుగా కచ్చితంగా చెప్పలేడు. కానీ సరుకు ధర వేరు, చేరవేత వేరు. రెండోది తెలియదని మొదటిది దాచడం కుదరని తర్కం.

ధర అడిగి తెలుసుకోవలసి వచ్చినప్పుడు, అడిగింది ఎవరన్నది ధరలోకి చొరబడుతుంది. ఇయాన్ అయర్స్, పీటర్ సీగల్‌మన్ 1995లో ప్రచురించిన అధ్యయనం దీనికి గట్టి సాక్ష్యం. చికాగో ప్రాంతపు కొత్త కార్ల షోరూములకు శిక్షణ ఇచ్చిన మనుషులను పంపారు. అందరూ ఒకే పద్ధతిలో బేరమాడారు. తెల్లజాతి పురుషులకు చెప్పిన ధరకన్నా మహిళలకూ నల్లజాతివారికీ ఎక్కువ చెప్పారు. ఫియోనా స్కాట్ మోర్టన్, ఫ్లోరియన్ జెటెల్‌మయర్, జార్జ్ సిల్వా-రిసో 2003లో ప్రచురించిన పరిశోధన దీనికి రెండో సగం. ఇంటర్నెట్‌లో ధరలు తెలుసుకుని కొన్న నల్లజాతి, హిస్పానిక్ కొనుగోలుదారుల విషయంలో ఈ తేడా దాదాపు మాయమైంది. కొత్త కార్లలోనే ఇలా ఉంటే, పోల్చి చూసుకోవడానికి రెండో సరుకే లేని పాత భాగాల్లో ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఇన్‌బాక్స్‌లోకి వచ్చిన పేరు, ప్రొఫైల్‌లో కనిపించే ఉద్యోగం, పార్సిల్ చేరవలసిన చిరునామా అమ్మేవాడికి ముందే కనిపిస్తాయి. రెడ్‌మండ్ అన్న ఊరి పేరే కొందరికి ధర పెంచే సంకేతం.

ధరలు బయటపెడితే అన్నిచోట్లా తగ్గుతాయని మాత్రం అనుకోకూడదు. 1993లో డెన్మార్క్ పోటీ నియంత్రణ సంస్థ సిద్ధమిశ్రమ కాంక్రీటు కంపెనీలు వాస్తవంగా అమ్మిన ధరలను ప్రచురించడం మొదలుపెట్టింది. ఏడాది తిరగకముందే ధరలు 15 నుంచి 20 శాతం పెరిగాయి. కొద్దిమంది అమ్మకందారులు, ఒకే రకం సరుకు, ఒకరి ధర ఇంకొకరికి కనిపించడం కలిసి పోటీని చంపేశాయి. పాత విడిభాగాలు చాలావరకు దీనికి భిన్నం. అమ్మేవారు ఊరికొకరు, సరుకు దేనికదే. అయినా ఏదో ఒక మోడల్‌కు భాగాలు అమ్మేవారు ఇద్దరు ముగ్గురే మిగిలిన చోట ఈ డెన్మార్క్ అనుభవాన్ని గుర్తుపెట్టుకోవాలి.

చట్టం ఇందులో పెద్దగా తోడురాదు. ఓక్లహోమా సెనేటర్ మైక్ మన్రోనీ పట్టుబట్టి తెచ్చిన 1958 నాటి చట్టం వల్ల అమెరికాలో కొత్త కారు కిటికీకి ధర చీటీ తప్పనిసరైంది. భారతదేశంలో ప్యాకెట్ సరుకు మీద ఎమ్మార్పీ ఉండాలి. పాత బండి నుంచి ఊడదీసిన కార్బ్యురేటర్‌కు ఆ రెండూ వర్తించవు. కనుక ధర రాయడం అమ్మేవారి ఇష్టానికే మిగిలింది.

రాయాలనుకున్నవారు ఏం రాయాలన్నదీ ముఖ్యమే. అడిగే ధర ఒక్కటే రాసి వదిలేస్తే మార్కెట్‌కు మేలుకన్నా కీడు ఎక్కువ. ఎవరూ కొనని, ఆకాశాన్నంటే ధర ఏళ్లపాటు అలాగే వేలాడి, చూసినవారందరికీ అదే అసలు రేటనిపిస్తుంది. అమ్ముడైన ధరే సమాచారం. 2007లో మొదలై, తరువాత వేలాలు చేపట్టిన బ్రింగ్ ఎ ట్రెయిలర్ సైటుకు వచ్చిన పలుకుబడికి ఒక కారణం, ముగిసిన వేలాల ఫలితాలు అందరికీ కనిపించేలా ఉండటం. భాగాలు అమ్మేవారూ ఇది చేయవచ్చు. పార్ట్ నంబరు, స్థితి, లోపాలు కనిపించే ఫొటోలు, ధర రాసి, అమ్ముడయ్యాక ఆ ప్రకటనను చెరిపేయకుండా చివరికి ఎంతకు పోయిందో చేర్చాలి. ధర రాసినంత మాత్రాన బేరం పోదు. తగ్గించే వీలుందని పక్కన రాసుకోవచ్చు.

దాచినవారి లాభం కూడా ఎల్లకాలం ఉండదు. తయారీ కంపెనీలే పాత భాగాలను మళ్లీ చేయడం మొదలుపెట్టాయి. నిస్సాన్ 2017లో ఆర్32 స్కైలైన్ జీటీ-ఆర్ భాగాలను, ఆ తరువాత టయోటా పాత సుప్రా భాగాలను తిరిగి అందించాయి. పోర్షె 959 కార్లు మూడు వందలు కూడా తయారు కాలేదు; దాని క్లచ్ రిలీజ్ లీవర్‌ను 2018 నాటికి పోర్షె త్రీడీ ప్రింటింగ్‌తో చేస్తోంది. అలా కొత్తది ఒకటి ఇంత అని తెలిసిన రోజున, అప్పటిదాకా దాచిన ధరకు పై హద్దు ఏర్పడుతుంది.

ముందుగా ధర రాయలేని సరుకు నిజంగానే కొంత ఉంది. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం పసుపు రంగు రోల్స్‌రాయిస్, 1912 నాటి సిల్వర్ ఘోస్ట్ లాంటి బండి దీపమో హారనో ఎప్పుడైనా మార్కెట్లోకి వస్తే, దాని విలువ లోహంలోనూ పనితనంలోనూ ఉండదు, ఎవరి బండిదన్న చరిత్రలో ఉంటుంది. దానికి పోలిక దొరకదు. అలాంటివాటికి బహిరంగ వేలమే తగిన పద్ధతి. కనీస ధర చెప్పకపోయినా పర్వాలేదు, అలాంటి ధర ఒకటి పెట్టుకున్నామని ముందే చెప్పి, చివరి పాట ఎంతకు ఆగిందో ప్రకటిస్తే చాలు.