శ్రామికుని ఇల్లు – శాసనకర్త బాధ్యత

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అన్నారు పెద్దలు. ఇల్లు కట్టుటలోని కష్టమును ఇంత క్లుప్తముగా చెప్పిన మాట మరొకటి లేదు. అయితే ఈ సామెత అంతో ఇంతో ఉన్నవానిని ఉద్దేశించి పుట్టినది. కాలు మోపుటకు జాగా, రేపటికి కూలి దొరకునన్న ధీమా, ఈ రెండును ఉన్నవాడు గదా కట్టి చూడగలవాడు! ఆ రెండును లేనివాని గోడు సామెతకు అందలేదు. అది శాసనసభకు అందవలసినది. శాసనకర్త పేదవానికి చేయదగిన మేలు ఏది? ఇల్లు ఇచ్చుటయా, లేక ఇచ్చిన ఇంటిని నిలుపుకొనగల హక్కును కూడ ఇచ్చుటయా? ఈ ప్రశ్నను పరిశీలించుటకు ఉత్తరాంధ్రములోని గరివిడి తగిన చోటు.

విజయనగరము నుండి శ్రీకాకుళము వైపు పోవు రైలు మార్గములో, నెల్లిమర్ల దాటిన తరువాత వచ్చు ఊరు గరివిడి. ఆ చుట్టుప్రక్కల నేలలో మాంగనీసు ఖనిజమున్నది. ఈ సీమలోని కోడూరు వద్ద 1892లో తవ్వకము ఆరంభమైనది; భారతదేశపు మాంగనీసు పరిశ్రమకు అదియే తొలి అడుగు. ఉక్కునకు గట్టిదనమిచ్చు ఈ ఖనిజము దశాబ్దముల తరబడి ముడిగనే ఓడలెక్కి పోయినది. 1950ల దశకములో గరివిడి దాపున శ్రీరామనగరములో ఫెర్రో అల్లాయ్స్ కార్ఖానా వెలసినది. పొలము గట్టున నిలిచిన మనిషి కొలిమి యెదుటకు వచ్చినాడు. అంతవరకు వాని బ్రతుకు మబ్బును బట్టి నడిచినది. అటుపైన ఉక్కు ధరను, కరెంటు ధరను బట్టి నడువసాగినది.

ఫెర్రో అల్లాయ్స్ కొలిమి విద్యుత్తును మేతగా తిని మండునది. కరెంటు ధర పెరిగినను, ఉక్కు బజారు మందగించినను మొదట చల్లారునది ఆ కొలిమియే. కొలిమి చల్లారిన నాడు తొలుత ఇంటి ముఖము పట్టువాడు కాంట్రాక్టు కూలి. వాని కూలి ఆగును గాని ఇంటి అద్దె ఆగదు. పిల్లల చదువు ఖర్చు ఆగదు. కొలిమి దగ్గర, గని దగ్గర పనిచేయువానికి మరియొక గండము కలదు. మాంగనీసు ధూళిని ఏండ్ల తరబడి పీల్చినచో నరముల పట్టు సడలును, నడక తడబడును. అందుచేతనే 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము మాంగనీసు విషప్రభావమును వృత్తివ్యాధుల పట్టికలో చేర్చినది. ఇట్టి శ్రామికునికి ఇల్లు, కూలి, ఆరోగ్యము అనునవి మూడు వేర్వేరు సమస్యలు కావు. ఒకటి కూలిన మిగిలిన రెండును నిలువవు.

గరివిడి మీదుగా పోవు ఆ రైలు మార్గము ఒకప్పుడు బెంగాల్ నాగపూర్ రైల్వే వారిది. ఆ రైల్వే కార్మికులను కూడగట్టిన నాయకుడే తరువాత ఈ ఉత్తరాంధ్రము నుండి చట్టసభకు ఎన్నికై, కార్మిక శాసనములపై తన ముద్ర వేసినాడు. ఆయన వరాహగిరి వెంకటగిరి. 1894లో బరంపురములో జన్మించి, ఐర్లండులోని డబ్లిను నగరములో న్యాయశాస్త్రము చదివి వచ్చిన గిరిగారు, 1927–28 ప్రాంతములో ఖరగ్‌పూరు రైల్వే కార్మికులను పనినుండి తొలగించినపుడు వారి పక్షమున పోరాడినారు. పనిపోయిన మనిషి ఇల్లు ఎట్లుండునో ఆయన పుస్తకములలో చదివి తెలిసికొనలేదు.

1937లో మద్రాసు శాసనసభకు జరిగిన ఎన్నికలలో గిరిగారు గరివిడికి ఎంతో దూరము కాని బొబ్బిలి ప్రాంతమున నిలిచినారు. ప్రత్యర్థి సామాన్యుడు కాడు; రాజధాని ప్రభుత్వమునకు అధిపతిగా ఉండిన బొబ్బిలి రాజాగారే. ఆనాడు వోటు అందరికి లేదు. ఆస్తియో, పన్నుకట్టు స్తోమతయో, చదువో ఉన్నవారికే ఉండెను. అట్టి పరిమితమైన వోటుతోనే, జమీందారుని స్వంత సీమలోనే, కార్మిక నాయకుడు గెలుపొందినాడు. రాజాజీ మంత్రివర్గములో ఆయన కార్మిక, పరిశ్రమల శాఖలు చేపట్టినారు. అదే మంత్రివర్గములో రెవిన్యూ శాఖను చూచిన ప్రకాశము పంతులుగారు జమీందారీ రైతుల హక్కులను విచారించిన సంఘమునకు నాయకత్వము వహించినారు. భూమిపై హక్కు, శ్రమపై హక్కు ఒకే ప్రభుత్వము బల్లమీదికి ఒకేసారి వచ్చిన కాలమది.

స్వాతంత్ర్యానంతరము 1952లో గిరిగారు పాతపట్నము నుండి లోకసభకు ఎన్నికై, కేంద్రములో కార్మిక మంత్రి అయినారు. ఆ మరుసటి యేడు బట్టల మిల్లులలో సరకు పేరుకొని, కార్మికులను ఇండ్లకు పంపు పరిస్థితి దాపురించినది. అప్పుడు పారిశ్రామిక వివాదముల చట్టమునకు ఒక కొత్త అధ్యాయము చేరినది. 1953 అక్టోబరు 24 నుండి అది అమలులోనికి వచ్చినది. యజమాని పని చూపలేక కార్మికుని తాత్కాలికముగా ఆపివేసినచో, అర్హుడైన వానికి సగము జీతము, కరవు భత్యము ఇయ్యవలెను. శాశ్వతముగా తొలగించినచో, పనిచేసిన ప్రతి యేటికి 15 దినముల సగటు వేతనము పరిహారముగా చెల్లింపవలెను. అంతకుముందు తొలగింపు అనగా చేతిలో చీటి పెట్టి గుమ్మము చూపుట. అటుపైన అది యజమాని లెక్కల పుస్తకములో వ్రాసి తీరవలసిన ఖర్చు అయినది. పేదవాని ఇంటికి ఆ 15 దినముల లెక్క ఒక దూలము వంటిది.

గిరిగారి విశ్వాసము మరియొకటి కలదు. తగవు వచ్చినపుడు ప్రభుత్వమో, న్యాయస్థానమో తీర్పు చెప్పుటకంటె, కార్మిక సంఘము యజమానితో ముఖాముఖి బేరమాడి కుదుర్చుకొనుటయే మేలని ఆయన వాదించినారు. నిర్బంధ తీర్పులకు అలవాటుపడిన సంఘము బలహీనమగునని ఆయన భయము. అయినను తీర్పు ఒకటి వెలువడిన తరువాత దానిని గౌరవింపవలెనని పట్టుపట్టినవారును ఆయనయే. 1954లో బ్యాంకు ఉద్యోగుల తగాదాలో ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వము మార్చగా, గిరిగారు మంత్రి పదవిని వదలుకొన్నారు. ఇచ్చిన మాట కొరకు పదవి విడుచుట అరుదైన సంగతియే. శ్రామికునికి ఇచ్చిన మాట కొరకు విడుచుట మరింత అరుదు.

1957 ఎన్నికల ఫలము సామాజిక న్యాయమునకు సంబంధించిన ఒక చిక్కుప్రశ్నను తెచ్చినది. పార్వతీపురము అప్పుడు ఇద్దరు సభ్యుల నియోజకవర్గము. ఒక స్థానము గిరిజనులకు ప్రత్యేకింపబడినది, రెండవది సామాన్యము. వోట్ల లెక్కలో మొదటి రెండు స్థానములును గిరిజన అభ్యర్థులకే దక్కినవి. గిరిగారు ఆరు వందలకు లోపు వోట్ల తేడాతో మూడవవారైనారు. సామాన్య స్థానమునకు గిరిజనుడు ఎట్లు ఎన్నిక కాగలడని వివాదము న్యాయస్థానమునకు ఎక్కినది. 1959లో సుప్రీముకోర్టు అధిక సంఖ్యాక న్యాయమూర్తుల తీర్పు స్పష్టము: ప్రత్యేక స్థానము గిరిజనునికి కల్పించిన రక్షణయే గాని, వాని చుట్టు గీచిన గిరి కాదు, సామాన్య స్థానము అందరిది గనుక అది వానిది కూడ. 1961లో పార్లమెంటు ఇద్దరు సభ్యుల నియోజకవర్గములను రద్దుచేసినది. కార్మికుల నాయకుడు ఓడినాడు. అడవిబిడ్డల హక్కు గెలిచినది. చట్టము వ్యక్తిని చూడదనుటకు ఇంతకంటె మంచి పాఠము ఉత్తరాంధ్ర విద్యార్థికి దొరకదు.

ఈ గతము నేటికి ఏల పనికివచ్చును? 2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు దేశములో అమలులోనికి వచ్చినవి. 29 పాత చట్టములు వానిలో లీనమైనవి. తొలగింపు పరిహారముగా 1953 నాటి ఆ 15 దినముల లెక్క కొత్త స్మృతిలోను నిలిచియున్నది. పైగా కొత్త పని నేర్చుకొనుటకు మరి 15 దినముల వేతనమును యజమాని జమకట్టవలెను. 51 శాతము కార్మికుల మద్దతు గల సంఘమునకు బేరమాడు అధికారము చట్టసమ్మతమైనది. గిరిగారు కోరిన ముఖాముఖి బేరమునకు ఇది కొంత దారి.

అయితే త్రాసు రెండవ తట్టను కూడ చూడవలెను. ఫ్యాక్టరీని మూయుటకు, కార్మికులను తగ్గించుటకు ముందుగా ప్రభుత్వానుమతి పొందవలసిన హద్దు 100 మంది నుండి 300 మందికి జరిగినది. కాంట్రాక్టు కూలీల రక్షణకు సంబంధించిన నిబంధనలు 20 మందికి బదులు 50 మంది ఉన్నచోటనే వర్తించును. సమ్మెకు 14 దినముల ముందు నోటీసు ఇయ్యవలెననుట అన్ని పరిశ్రమలకును విస్తరించినది. పెద్ద కార్ఖానాలో శాశ్వత ఉద్యోగికి ఈ మార్పులు అంతగా తెలియక పోవచ్చును. 30 మందిని వెంటబెట్టుకొని పనికి వచ్చు చిన్న కాంట్రాక్టరు క్రింది కూలికి ఇవి గడప దగ్గరి సంగతులు.

ఇక ఇంటి సంగతి. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడిన నాటి నుండి ప్రభుత్వములు మారినకొలది పథకముల పేర్లు మారుచు వచ్చినవి. గరివిడి ఉన్న చీపురుపల్లి నియోజకవర్గమునకు ప్రాతినిధ్యము వహించిన కిమిడి మృణాళిని 2014 నుండి 2017 వరకు గ్రామీణ గృహనిర్మాణ శాఖ మంత్రిగానే ఉన్నారు. 2020 డిసెంబరులో విజయనగరము దగ్గర గుంకలాములో సుమారు 400 ఎకరములలో 12,000కు పైగా ఇండ్ల స్థలములు ఒక్కచోట పంచబడినవి. పట్టాలు స్త్రీల పేరిట ఇచ్చుట మెచ్చదగిన సంగతి. నాడు పల్లెలో సెంటున్నర, పట్టణములో సెంటు. 2024లో వచ్చిన ప్రభుత్వము వానిని మూడు, రెండు సెంట్లుగా ప్రకటించినది. సెంట్లు పెరుగుట మంచిదే. కాని స్థలము పనికి ఎంత దూరము? బస్సు ఖర్చు పోగా కూలి ఎంత మిగులును? పని ఆగిన నాడు ఇంటి అప్పు ఎవరు తీర్చవలెను? ఈ ప్రశ్నలకు పట్టా కాగితము బదులు చెప్పదు. కూలికి రక్షణ లేని చోట ఇల్లు వరము కాక అప్పుగా మిగులును.

గని కార్మికుని విషయములో ఒకనాడు చట్టము ఈ బంధమును గుర్తించినది. ఇనుము, మాంగనీసు గనుల కార్మికుల సంక్షేమనిధిని 1976లో పార్లమెంటు ఏర్పరచినది. ఖనిజముపై విధించిన సెస్సుతో ఇండ్లు, మంచినీరు, వైద్యము, పిల్లల చదువు సమకూర్చుట దాని ఉద్దేశము. నేలనుండి తీసినదానిలో తీసినవానికి పాలు ఉన్నదని ఆ చట్టము చెప్పినది. 2016లో చిన్న సెస్సులను పన్నుల సరళీకరణ పేరిట ఎత్తివేసినపుడు ఇదియు పోయినది. కొన్ని పథకములు బడ్జెటు సొమ్ముతో సాగినవి. వానిలో గని కార్మికుల బిడ్డల విద్యార్థి వేతనము ముఖ్యమైనది. కాని ఖనిజముతో ముడిపడిన హక్కు వేరు, ఏటేటా బడ్జెటులో కేటాయించు సాయము వేరు. మొదటిది అడుగకున్నను రావలెను. రెండవది ప్రతి యేడు అడుగవలెను. ఆ సెస్సు పోయినదని ఈ ప్రాంతపు ఊళ్ళలో ఎందరికి తెలిసినది? పథకమునకు శంకుస్థాపన ఉండును, సభ ఉండును. హక్కు పోవునపుడు డప్పు మ్రోగదు.

దానికి ముందే, 2015లో, గనుల చట్టము సవరింపబడి జిల్లా ఖనిజ నిధి ఏర్పడినది. గని యజమాని చెల్లించు రాయల్టీకి తోడుగా మరికొంత సొమ్ము ఈ నిధికి జమ అగును. అందులో కనీసము 60 శాతము త్రాగునీరు, ఆరోగ్యము, విద్య వంటి అగ్రస్థానపు అవసరములకు ఖర్చు పెట్టవలెనని నాటి నియమము. 2021లో కేంద్రము శాసనసభ్యులను, పార్లమెంటు సభ్యులను ఈ నిధి పాలకమండలిలో చేర్చవలెనని ఆదేశించినది. కాబట్టి గరివిడి వంటి చోట శాసనసభ్యుడు ఇప్పుడు చట్టసభలోనే గాక, ఖనిజపు సొమ్ము దగ్గర కూడ కూర్చుండువాడు. ఆ సొమ్ము ధూళి పీల్చిన ఊరికి చేరినదా, లేదా అని అతనిని అడుగవచ్చును, అడుగవలెను.

బడులలో పౌరధర్మము చెప్పు ఉపాధ్యాయులకు ఇక్కడ ఒక పని ఉన్నది. శాసనసభ్యుడనగా రోడ్డు వేయించువాడు, ఇల్లు ఇప్పించువాడు, సిఫారసు చీటి వ్రాయువాడు అను భావము పిల్లలలో నాటుకొనుచున్నది. శాసనము అను మాట ఆ పదవి పేరులోనే ఉన్నను, దానిని తలచువారు తక్కువ. గిరిగారు ఉత్తరాంధ్రములో ఎన్ని ఇండ్లు పంచినారని ఎవరును లెక్క పెట్టరు. ఆయన మంత్రిగా ఉండగా వచ్చిన 15 దినముల లెక్క మాత్రము ఏడు దశాబ్దములు దాటి, చట్టము పేరు మారినను, నేటికిని నిలిచియున్నది. తమ ప్రతినిధి ఏ బిల్లుపై మాటలాడినాడు, ఏ నిధి లెక్క అడిగినాడు, ఏ సవరణ కోరినాడు అని విద్యార్థులు పత్రికలలో వెదకుట నేర్చుకొన్న నాడు ఆ పదవికి దాని అర్థము తిరిగి వచ్చును. గని కార్మికుని బిడ్డకు రావలసిన విద్యార్థి వేతనమునకు దరఖాస్తు పెట్టించుట ఆ పాఠమునకు మొదటి అభ్యాసము కావచ్చును.

ఇల్లు ఇచ్చిన చేతికి ప్రజలు దండము పెట్టుదురు. హక్కు ఇచ్చిన చేయి కాలక్రమమున మరుపున పడును. అయినను కొలిమి చల్లారిన రాత్రి శ్రామికుని కప్పు క్రింద కుండ దించకుండ కాపాడునది ఆ మరచిపోయిన చేయి వ్రాసిన వాక్యమే.